శనివారం ఒంటిగంటకు పారేసిన ప్లేటు

పోయిన నెల ఎలిశబెతమ్మ రిటైరైనప్పుడు ఆసుపత్రి మీటింగు హాల్లో నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. ఇరవై రెండేళ్లు ఆమె కింద ల్యాబులో అటెండరుగా పనిచేసినవాణ్ణి, నేను కాక ఇంకెవరు మాట్లాడతారు! ఆమెకు శాలువా కప్పారు, చేతిలో బత్తాయిల బుట్ట పెట్టారు. నేను మైకు పట్టుకుని ఆమె సమయపాలన గురించి, ముత్యాల్లాంటి చేతిరాత గురించి చెప్పాను. ఆమె సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నీ నిజాలే. చెప్పవలసిన నిజం మాత్రం ఒక్కటీ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు పెంచలప్రసాద్. చదివింది పదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆసుపత్రి పేరు చెప్పను. విడవలూరు నుంచి అల్లూరు వైపు పోయే దారిలో, వరిమళ్లకూ రొయ్యల గుంటలకూ మధ్య ఉంటుంది. నూటయాభై పడకలు. నెల్లూరు దాకా పోలేనివాళ్లు, పోయినా అక్కడ వరుసల్లో నిలబడలేనివాళ్లు మా దగ్గరికి వస్తారు. వానలు పడ్డాయంటే జ్వరాలతో వరండాలు నిండిపోతాయి. ఎవరికి ఏ జ్వరమో తేల్చడం మా ల్యాబు పని.

పని ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. అరచేతిలో పట్టే చిన్న ప్లేటులో సూక్ష్మజీవులకు తిండి పోసి గడ్డకట్టిస్తారు. దానిమీద రోగి చీమునో రక్తాన్నో గీస్తారు. వెచ్చగా ఉండే పెట్టెలో పెడతారు. ఒంట్లో పురుగు ఉంటే ఒకటి రెండు రోజుల్లో చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది, నారుమడి మాదిరే. మొలక చూసి పురుగు పేరు చెబుతారు, పేరును బట్టి డాక్టరు మందు రాస్తాడు. గీసేదీ చూసేదీ రిజిస్టరులో రాసేదీ ఎలిశబెతమ్మ. చూడటం అయిపోయిన ప్లేట్లను సంచిలో కట్టి, ఆవిరి మరలో ఉడికించి పారేసేది నేను.

మా ల్యాబుకు ఒక అలవాటు ఉండేది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టె ఖాళీ చేసేవాళ్లం. అప్పటిదాకా మొలిచింది మొలిచినట్టు రాసి, మిగతావన్నీ సంచిలో వేసేవాళ్లం. ఎందుకంటే ఆదివారం ఎలిశబెతమ్మ రాదు. కొండలు కూలినా రాదు. పెద్ద డాక్టరు బతిమాలినా, రెండింతల జీతం ఇస్తామన్నా రాలేదు. ఒకసారి నేను ఎగతాళిగా అడిగాను కూడా.

"ఏమ్మా, మీ దేవుడు ఆదివారం నాడు హాజరు పట్టీ ఏమన్నా పెట్టుకోని కూసుంటాడా?"

ఆమె కోపగించుకోలేదు. వాళ్ల నాన్న కథ చెప్పింది.

ఆమెది కోట పక్కన ఒక పల్లె. తండ్రి సంజీవరావుగారు చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. ఆయనకు రెండెకరాల వరి ఉండేది. ఎలిశబెతమ్మకు పదకొండేళ్లప్పుడు, పంట కోతకొచ్చిన వారంలో, శనివారం సాయంత్రం రేడియోలో తుఫాను కబురు చెప్పారు. ఆదివారం తెల్లవారకముందే ఊరంతా కొడవళ్లు పట్టుకుని మళ్లలో పడ్డారు. పాస్టరు కూడా పొండి అన్నాడట. సంజీవరావుగారు మాత్రం తెల్లపంచ కట్టుకుని, భార్యాపిల్లలను వెంటబెట్టుకుని చర్చికి పోయి, ఖాళీ చాపల మీద కూర్చుని ప్రార్థన చేసి వచ్చారు. సోమవారానికి ఆ రెండెకరాలూ నీళ్లకింద పడుకున్నాయి. ఆ ఏడాదంతా ఇంట్లో గంజే.

"మా నాయన ఒక్కమాట అనలేదు ప్రసాదన్నా. గంజి తాగతా కూడా స్తోత్రమే చెప్పినాడు. అట్టాటి నాయన బిడ్డనయ్యుండి నేను ఆదివారం నాడు డ్యూటీ చేస్తానా?"

ఆ తర్వాత నేను ఎగతాళి చేయలేదు. నాకు పెంచలకోన నరసింహస్వామి దేవుడు. శనివారం మాంసం ముట్టను. ఎవరి పట్టుదల వాళ్లది. ఆమె పెళ్లి కూడా చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లతో, సంబంధాలవాళ్లు ఎప్పుడూ ఆదివారమే వస్తారు, నేను ఇంట్లో ఉండను అని నవ్వేది. ఆ నవ్వు నాకు ఇష్టం. ఇప్పుడు లేదు.

ఆరేళ్ల కిందట, కార్తీకమాసం వానల్లో, పోలేరయ్య అనే మనిషి వచ్చాడు. విడవలూరు పక్క పాలెంలో వరి కూలీ. నారు పీకడం, గట్లు చెక్కడం, ఎప్పుడూ మోకాళ్లదాకా బురదలో ఉండే పని. నలభై రెండేళ్లు. షుగరు ఉంది. ఐదు నెలలుగా జ్వరం, దగ్గు. ఇంకెక్కడో క్షయ అన్నారు, ఆ మాత్రలు మింగుతూనే ఉన్నాడు, ఎముకల గూడు అయ్యాడు. తుంటిమీద గడ్డ లేచింది. గురువారం మా సర్జన్ కోసి చీము తీసి ల్యాబుకు పంపాడు. భార్య మస్తానమ్మ ల్యాబు గుమ్మం దగ్గరే కూర్చునేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. మేము బయటికి వచ్చినప్పుడల్లా అడిగేది.

"ఏమన్నా తెలిసిందా అక్కా? మా ఆయనకి ఏందో చెప్పండి. పేరు తెలిస్తే మందు ఉంటది గదా."

ఎలిశబెతమ్మ "చూస్తా ఉండాం తల్లీ" అనేది.

శుక్రవారం ప్లేటు మీద ఏమీ లేదు. శనివారం ఒంటిగంటకు పెట్టె ఖాళీ చేస్తూ ఆమె ఆ ప్లేటును కిటికీ వైపు ఎత్తి చూసింది. గుండుసూది తలలంత తెల్లటి చుక్కలు నాలుగైదు. మాకు అలవాటున్న ఏ పురుగులాగానూ లేవు. గాల్లో దుమ్ము పడ్డా అటువంటి చుక్కలు మొలుస్తాయి. ఆమె కాసేపు అటూ ఇటూ తిప్పింది. ఏదో అంది. తర్వాత పెన్ను తీసుకుని రిజిస్టరులో "దుమ్ము పడింది, మళ్లీ శాంపిలు పంపండి" అని రాసింది. నేను ప్లేటును సంచిలో వేశాను. ఉడికించాను.

మళ్లీ శాంపిలు పంపడానికి మనిషి ఉండాలి కదా. ఆదివారం రాత్రికి జ్వరం నూట అయిదు. సోమవారం పొద్దున పోలేరయ్య పోయాడు. కాగితాల మీద క్షయ అని రాశారు. మస్తానమ్మ ఏడవలేదు, తిట్టింది. డాక్టర్లను, దేవుళ్లను, వానను, చచ్చిన మొగుణ్ణి కూడా తిట్టింది. ఆటోలో శవాన్ని ఎక్కించాక ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి, "పేరన్నా చెప్పలేకపోయినారే!" అని పోయింది.

ఆసుపత్రిలో చావులు కొత్త కాదు. మేమూ మరిచిపోయాం. అబద్ధమెందుకు, నేనైతే ఆ సాయంత్రానికే మరిచిపోయాను.

ఏడాది తర్వాత డాక్టర్ కిషోర్ వచ్చాడు. నెల్లూరు కుర్రాడు, బక్కపలచని మనిషి, ఎప్పుడూ చేతిలో టీ గ్లాసు. మా ప్రాంతంలో క్షయ అని రాసి చనిపోతున్నవాళ్లలో కొంతమందికి అసలు క్షయ కాదని అతని అనుమానం. దానిమీద పరిశోధన మొదలుపెట్టాడు. మొదటి రోజే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది మట్టిలో ఉండే పురుగు. మళ్లలో నీళ్లు నిలిచినప్పుడు పైకొస్తది. కాళ్ల పగుళ్లలోంచి ఒంట్లోకి పోతది. షుగరున్న మనిషి దొరికిందంటే వదలదు. దగ్గు తెప్పిస్తది, గడ్డలు లేపుతది, అచ్చం క్షయ అనిపిస్తది. మెలియాయిడోసిస్ అంటారు. మందుంది. రెండు మూడు వారాలు సూదులు, ఆ తర్వాత అయిదు నెలలు మాత్రలు. కానీ దీన్ని పట్టుకునేది ల్యాబే. మొదటి రెండు రోజులు చిన్న తెల్ల చుక్కలే, ఏమీ లేనట్టే ఉంటది. మూడో రోజు, నాలుగో రోజు ముడతలు పడతది. అప్పుడే తెలిసేది. అందుకే అయిదు రోజులు కాకుండా ఒక్క ప్లేటు కూడా పారేయద్దు."

నాకు సగం అర్థమైంది. ఎలిశబెతమ్మకు మొత్తం అర్థమైంది. ఆమె ముఖం చూశాను, పాలు పొంగి పొయ్యి ఆరిపోయినట్టు అయింది. ఆ వారం ఆమె పాత రిజిస్టర్లన్నీ దించింది. శనివారాలు మాత్రం వెతికింది. నాలుగేళ్లలో ఆమె చేతిరాతలో "దుమ్ము పడింది" అన్న మాట పదకొండు సార్లు ఉంది. ఆ ముత్యాల్లాంటి చేతిరాతే. పదకొండు మందిలో తొమ్మిది మంది లేరు.

రిజిస్టర్లు తీసుకుపోయి డాక్టరు ముందు పెట్టింది. అతను ఆ శనివారాల పేజీలన్నీ తిప్పి చూశాడు.

"అయ్యుండొచ్చు అమ్మా. కాకపోయుండొచ్చు. ప్లేట్లు లేవు కదా, ఇప్పుడు ఏదీ రుజువు చేయలేం. దేశంలో సగం ల్యాబులు ఇదే చేస్తన్నాయి. మీ ఒక్కరి తప్పు కాదు."

మంచివాడు, మంచిమాటే చెప్పాడు. అది ఆమెకు ఎక్కలేదు. గదికి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని అంది.

"మా నాయన వదులుకునింది మా పంట అన్నా. నేను వదిలేసింది ఇంకొకరి మనిషిని."

"చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, పని చూసుకోమ్మా" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా నోరు నేనే మూసుకోవాలనిపిస్తుంది.

అప్పటినుంచి ఆమె చర్చికి పోయేది కానీ బల్లలో చెయ్యి వేసేది కాదు. తెలియనివాళ్లకు చెబుతాను. వాళ్లకు నెలకొకసారి, మొదటి ఆదివారం, పెద్ద పండగలకూ ప్రభువు బల్ల అని ఉంటుంది. రొట్టెముక్క, కొంచెం ద్రాక్షరసం ఇస్తారు. ఎవరికైనా కీడు చేసి ఉంటే ముందు వాళ్ల దగ్గరికి పోయి ఒప్పుకోవాలి, ఆ తర్వాతే అందులో చెయ్యి వేయాలి. చాలామంది దాన్ని అంతగా పట్టించుకోరు. ఎలిశబెతమ్మ పట్టించుకుంది. నెలలు గడిచాయి. ప్రతి మొదటి ఆదివారం పళ్లెం ఆమె ముందునుంచి పక్కవాళ్లకు పోయేది. నలభై ఏళ్లుగా ఆమెను చూస్తున్నవాళ్లు గుసగుసలాడారు. పాస్టరుగారు పిలిచి అడిగితే, "నేను ఒకరికి అప్పగించాల్సిన మాట ఉండాదయ్యా" అని మాత్రం చెప్పిందట.

ఆ మాట అప్పగించవలసిన మనిషి, ఏడాది దాటాక, జనవరిలో తనే వచ్చింది. శుక్రవారం పొద్దున వార్డునుంచి రక్తం సీసాతో పాటు వచ్చిన చీటీ చదివి ఎలిశబెతమ్మ నిలబడిపోయింది. మస్తానమ్మ, ముప్పై తొమ్మిది, పోలేరయ్య భార్య. మొగుడు పోయాక అతని పని ఆమె చేసింది. అవే మళ్లు, అదే బురద, ఇంట్లో అదే షుగరు. పదిరోజులుగా చలిజ్వరం, కుడిపక్క నొప్పి.

శనివారం ఒంటిగంటకు ప్లేటు మీద గుండుసూది తలలంత తెల్లటి చుక్కలు మొలిచాయి. పారేసే అలవాటు ఎప్పుడో పోయింది కాబట్టి మళ్లీ పెట్టెలో పెట్టింది. మామూలుగా అయితే సోమవారం చూడాలి. నేను ఆదివారం కాన్పుల వార్డులో ఇంకొకరికి బదులు డ్యూటీలో ఉన్నాను. పొద్దున తొమ్మిదికి, చర్చిగంట కొట్టే వేళకు, ల్యాబు తలుపు తీసి ఉంది. లోపల ఎలిశబెతమ్మ తెల్లచీరలో, బైబిలు సంచీ భుజానికి వేసుకునే, ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ముడతలు పడింది చూడన్నా."

చూశాను. చుక్కల అంచులు వాడిన పువ్వులాగా ముడుచుకున్నాయి. డాక్టర్ కిషోర్ లుంగీమీదే పరిగెత్తుకొచ్చాడు. పది గంటలకు మస్తానమ్మకు మొదటి సూది పడింది. సోమవారం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు ఆ డాక్టరు. ఎలిశబెతమ్మ పుట్టాక ఆరాధన తప్పిన మొదటి ఆదివారం అదే.

మూడు వారాల సూదులతో మస్తానమ్మ లేచి కూర్చుంది. గొంతు కూడా తిరిగొచ్చింది. వార్డులో నర్సులను తిట్టడం మొదలుపెట్టింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మాత్రల గురించి మూడుసార్లు చెప్పాడు. రోజుకు నాలుగు పెద్ద మాత్రలు, ఇరవై వారాలు. బాగున్నానని మానేస్తే పురుగు మళ్లీ లేస్తుంది, లేస్తే ఈసారి వదలదు. వారంవారం మాత్రలు తీసుకుపోయి ఇచ్చే పని ఎలిశబెతమ్మ తనే అడిగి తీసుకుంది. శనివారం మధ్యాహ్నం పని అయ్యాక బస్సెక్కి పాలెం పోయేది. నా ఊరూ అటే కాబట్టి నేనూ తోడు దిగేవాణ్ణి.

ఆ శనివారాలు బాగుండేవి. మస్తానమ్మ మంచం వాల్చి కూర్చోబెట్టేది. మాత్రలు తింటే వాంతి వస్తున్నదని గొణుగుతూనే ఖాళీ అట్టలు తెచ్చి చూపించేది. పక్కింటి కామాక్షిని పిలిచి ఎలిశబెతమ్మను చూపించి చెప్పేది.

"ఈ అక్కే నన్ను బతికించింది. గుడి మానుకోని నాకోసం వచ్చిందంట! మా ఆయనకి ఈ అక్క దొరికుంటే నా పసుపుకుంకాలు నిలిచుండేయి."

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఎలిశబెతమ్మ తల దించుకుంది. రెండోసారి బస్సులో ఏడ్చింది. ప్రతి వారం అదే మాట. పొగడ్త కూడా కొరడా అవుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈస్టరు దగ్గరపడింది. అప్పటికి ఎనిమిది వారాల మాత్రలు అయ్యాయి, పన్నెండు వారాలు మిగిలాయి. బస్సులో ఆమె నాతో అంది.

"ఈ పండగకన్నా బల్లలో చెయ్యి వెయ్యాల అన్నా. సంవత్సరం దాటింది. చెప్పేస్తాను."

"మాత్రలయ్యేదాకా ఓపిక పట్టమ్మా. పన్నెండు వారాలే గదా. ఆ తర్వాత కాళ్లు పట్టుకో, కడుపు చించుకో, నీ ఇష్టం."

"ఆమె పొగడ్తా ఉంటే తీసుకునే ప్రతి వారం నేను ఇంకొక అబద్ధం ఆడినట్టే."

"అబద్ధం ఆడితే నీ ఒక్కదానికే నష్టం" అన్నాను. ఆ ఒక్కమాట మాత్రం సరిగ్గా చెప్పాననుకుంటాను.

అది ఈస్టరు ముందు శనివారం. మస్తానమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఎలిశబెతమ్మ మంచం మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దాచలేదు, మెత్తబరచలేదు. నీ మొగుడి చీము నేనే చూశాను, తెల్లచుక్కలు మొలిచాయి, అవి ఏమిటో నాకు తెలియలేదు, రేపు ఆదివారమని శనివారమే పారేశాను, ఇంకొక రోజు ఉంచి చూసి ఉంటే పేరు తెలిసేది, పేరు తెలిస్తే మందు ఉంది, నీకు వేసిన మందే.

మస్తానమ్మ చెయ్యి ఆగలేదు. తోముతున్న గిన్నె తోమింది, కడిగింది, బోర్లించింది. లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంటే మా ఆయనకి నువ్వు దొరికినావన్నమాట."

"దొరికినాను."

"గుడికి పోవాలని."

"అవును తల్లీ. నన్ను క్షమించు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"ఇంక నా గడప తొక్కబాక అక్కా" అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

మరుసటి రోజు ఎలిశబెతమ్మ బల్లలో చెయ్యి వేసింది. క్షమించకపోయినా ఒప్పుకోవడమే ముఖ్యమని పాస్టరుగారు చెప్పారట. ముఖం తేటపడి వచ్చింది. ఆమె ముఖంలో పాత నవ్వు కొంచెం కనిపించింది. రెండు మూడు నెలలు నిలిచింది.

మాత్రలు ఇచ్చే పని నాకు పడింది. మస్తానమ్మ నన్ను రావద్దనలేదు. నేను పోగానే చెంబుతో మజ్జిగ తెచ్చేది. మాత్రలు అందుకునేది, పోయిన వారం ఖాళీ అట్టలు లెక్కగా నా చేతిలో పెట్టేది. మనిషి పనికి కూడా పోతోంది. వేసవి పంటకు ఎడగారు నాట్లు మొదలయ్యాయి. నేను ప్రతి సోమవారం ల్యాబులో గొప్పగా చెప్పేవాణ్ణి, "తింటా ఉండాదమ్మా, అట్టలు నేనే చూసినా" అని. ఎలిశబెతమ్మ రెండు చేతులూ జోడించేది. పన్నెండు వారాలు అయ్యాయి. డాక్టరు తన కాగితంలో పూర్తి అని రాసుకున్నాడు.

జూలై చివర, గురువారం, మస్తానమ్మను ఆటోలో తెచ్చారు. స్పృహ లేదు. ఆయాసం. రక్తం తీసిన రోజే డాక్టరు పాత సూదులే మొదలుపెట్టాడు, ప్లేటు కోసం ఆగలేదు. ఎలిశబెతమ్మ శుక్రవారం, శనివారం, ఆదివారం ల్యాబులోనే ఉంది. ఆదివారం పొద్దున ప్లేటు ముడతలు పడింది. అదే పురుగు. ఈసారి పేరు వేళకు తెలిసింది, మందు వేళకు పడింది, మనిషే నిలవలేదు. ఆదివారం పదకొండు గంటలకు పోయింది.

శవాన్ని తీసుకుపోవడానికి వచ్చిన పక్కింటి కామాక్షి ఒక పాత హార్లిక్సు సీసా తెచ్చింది. బియ్యపు డ్రమ్ములో దొరికిందట. నిండా మాత్రలు. డాక్టరు బల్లమీద పోసి లెక్కపెట్టాడు. మూడు వందల ముప్పై ఆరు. రోజుకు నాలుగు చొప్పున పన్నెండు వారాలు. ఒక్కటి కూడా తగ్గలేదు.

"నేను అడిగినానయ్యా, ఎందుకమ్మే తినవు అని" అంది కామాక్షి. "మా ఆయన నోటికాడికి వచ్చి పోయిన మందు నాకెట్టా దిగుద్ది, గొంతులోనే ఆగిపోతా ఉండాది అన్నింది. మరి పారెయ్యి అంటే, పారేసేది వాళ్ల పని, నాది కాదు అన్నింది."

ఎలిశబెతమ్మ అక్కడే ఉంది. ఆ మాట ఆమె విన్నది. కింద కూర్చుండిపోయింది, ఎవరు లేపినా లేవలేదు.

ఆ ఏడాది చివర డాక్టర్ కిషోర్ పరిశోధన ఒక పత్రికలో అచ్చయింది. మా ప్రాంతంలో ఇరవై ముగ్గురికి క్షయ కాదని తేల్చాడు, అందులో పదహారు మంది ఇవాళ బతికి ఉన్నారు. చిన్న సంగతి కాదు. అతను మాకు తెలుగులో చదివి చెప్పాడు. పద్నాలుగో రోగి, స్త్రీ, ముప్పై తొమ్మిది, వ్యవసాయ కూలీ. జబ్బు తిరగబెట్టి మరణం. మాత్రలు మానివేసినది. కారణం తెలియదు.

"కారణం తెలియదని ఎందుకు రాసినారు సార్?" అంది ఎలిశబెతమ్మ. "తెలుసు గదా. నా పేరు రాయండి."

"అట్టా రాయరమ్మా. దానికి ఇక్కడ చోటు లేదు" అన్నాడతను. అతని కళ్లల్లో నీళ్లున్నాయి, ఆ మాట కూడా రాస్తున్నాను.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ప్రతి ఆదివారం ఆమె ల్యాబుకు వచ్చింది. ఆరాధన వేళకే వచ్చేది. ప్లేట్లు ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు పెట్టి చూసేది. మళ్లీ ఎన్నడూ బల్లలో చెయ్యి వేయలేదు. ఈసారి ఎవరి దగ్గరికి పోయి ఒప్పుకోవాలి? ఆ మనిషే లేదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను ఇంకా చెప్పలేదు. పోలేరయ్య ప్లేటును కిటికీ వైపు ఎత్తి ఆమె ఏదో అంది అని పైన రాశాను. ఏదో కాదు. ఆమె అన్నది ఇది.

"ప్రసాదన్నా, ఇదొక్కటి సోమవారం దాకా ఉంచుదామా?"

నేను గడియారం చూపించాను. "దుమ్ములో ఏం మొలుస్తాదమ్మా? నాకు ఒకటింపావు బస్సు పోతాది. కానియ్యి" అన్నాను. ఆమె నవ్వి పెన్ను తీసుకుంది.

ఆ మాట ఆమె డాక్టరుకు చెప్పలేదు. పాస్టరుకు చెప్పలేదు. మస్తానమ్మ పెరట్లో తప్పంతా తన నెత్తిన వేసుకుంటూ ఉంటే, పక్కనే నిలబడిన నేను నోరు విప్పలేదు. మొన్న సభ అయ్యాక, కోట బస్సు ఎక్కించేటప్పుడు, ఉండబట్టలేక అడిగాను.

"నా మాట ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"అది నువ్వు చెప్పాల్సింది గదన్నా" అంది. "నీది నేనెట్టా చెప్పేది?"

బస్సు వెళ్లిపోయింది. ఎలిశబెతమ్మ గడప తొక్కొద్దనిపించుకున్న తర్వాత పన్నెండు శనివారాలు నేను మస్తానమ్మ ఇంటికి పోయాను. పన్నెండు సార్లూ ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చి, "నువ్వు మంచోడివన్నా, తాగు" అంది. తాగాను.